ఒళ్లో హెల్మెట్

ప్రొద్దుటూరు.

కువైట్‌లో ఉన్న మా ఆయనకు,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ అందరం బాగున్నాము, మీరూ బాగుండాలని దువా చేస్తున్నాము. బాగున్నామని రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాలేదు, అందుకే రాశాను.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని విసుక్కోకండి. మీరు ఫోను చేస్తే అత్తమ్మ స్పీకరు పెడుతుంది. నా ఫోనుకు మెసేజ్ వస్తే ముందు చదివేది మీ తమ్ముడు అన్సర్. హబీబుల్లా మామ శుక్రవారం విమానం ఎక్కుతున్నాడు కాబట్టి ఆయన చేతికి ఇస్తున్నాను.

పోయినసారి వీడియో కాల్‌లో నన్ను చూసి మీరు రెండు సంగతులు అడిగారు. నేనెందుకు చిక్కిపోయానన్నది చివర్లో చెబుతాను. మొన్న సెలవులో వచ్చినప్పుడు, నన్ను బడికి దించమని అన్సర్‌కు కొనిచ్చిన బండి ఎలా ఉందన్నారు. బండికేం, భేషుగ్గా ఉంది! చూడ్డానికి బాగాలేవని అద్దాలు పీకేశాడు. చీరలు చక్రంలో పడకుండా ఉండే గార్డునూ పీకేశాడు. జమ్మలమడుగు దారిలో నాపరాళ్ల లారీల మధ్య, చెవికీ భుజానికీ నడుమ ఫోను ఇరికించుకుని పోతాడు. హెల్మెట్ మాత్రం నా ఒళ్లో ఉంటుంది. పోలీసులు కనబడితే చెయ్యి వెనక్కి చాపుతాడు, నేను అందించాలి.

బుధవారం నా బురఖా అంచు చక్రంలో చుట్టుకుంది. పడబోయి అతని చొక్కా పట్టుకున్నాను. బురఖా చినిగిపోయింది కాబట్టి బతికాను.

"ఏం గాలేదు గదా భాభీ, అంతగనం అరుస్తాండావేంది?" అన్నాడు.

ఇంటికొచ్చి, ఇక బస్సులో పోతానన్నాను.

"మరిది ఉండంగా బస్టాండులో ఒంటిగా నిలబడతావా? చూసినోళ్లు ఏమనుకుంటారు?" అని అత్తమ్మ దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి హ్యాండిల్‌కు కట్టింది. "ఇంక శానా భద్రం, పో" అంది. అద్దం ఉండాల్సిన చోట ఇప్పుడు తాయెత్తు ఊగుతోంది. వెనకొచ్చే లారీ అందులో కనబడదు కదండీ.

ఇంకో తమాషా వినండి. రోడ్డు భద్రతా వారోత్సవాలని, బడిలో పిల్లలచేత ప్రతిజ్ఞ చేయించే పని టీచర్లందరిలో నాకే అప్పగించారు. వెనక కూర్చునేవాళ్లూ హెల్మెట్ పెట్టుకోవాలని నేను చెబుతుంటే, గేటు బయట అన్సర్ హారన్ కొడుతున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇక చిక్కిపోయిన సంగతి. మీరు వెళ్లాకే నాకు తెలిసింది. ఇది మూడో నెల. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే బండితోపాటు ఉద్యోగమూ మాన్పించి కూర్చోబెడతారు. చెప్పకపోతే రేపూ ఆ బండే. ఎటూ పాలుపోవడం లేదు. నాకు చాలా భయంగా ఉంది.

ఈసారి ఫోనులో, స్పీకరు ఉన్నప్పుడే, అందరూ వినేలా "జువేరియా బస్సులోనే పోవాల" అని ఒక్క మాట అనండి. కారణం మీరు చెప్పొద్దు, సమయం చూసి నేనే చెప్పుకుంటాను. మీ మాటకు వాళ్లు ఎదురు చెప్పరు. అన్సర్‌నూ హెల్మెట్ పెట్టుకోమని గట్టిగా కోప్పడండి, అతనికి మాత్రం ఏమైనా అయితే తట్టుకోగలమా?

మీ ఫోను వచ్చేదాకా హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, దాని కింద, కడుపు మీద ఒక చెయ్యి వేసుకుని కూర్చుంటాను.

ఇట్లు,
రేపు పొద్దున కూడా ఆ బండి ఎక్కబోయే మీ భార్య,
జువేరియా