మాట విన్న పిల్లాడు

కృత్తివెన్ను,
సోమవారం.

ఏవండీ,

ప్రభువు పేరిట మీకు వందనాలు. అందరం క్షేమమని రాయాలనే కూర్చున్నాను. ఒంటికైతే క్షేమమే. మీరు దోహాలో వేళకు తింటున్నారని తలుస్తాను.

అత్తయ్యగారి మోకాలు ఎలా ఉందన్నారు. గుడివాడ డాక్టరుగారి మందుతో నొప్పి తగ్గింది, నోటి జోరు మాత్రం తగ్గలేదు. వంటింటి రేకు మార్పించాను, ఇప్పుడు కారడం లేదు.

ఇక ఉదయ్ కిరణ్ ఫోనుకి ఎందుకు రావడం లేదని అడిగారు. చదువుకుంటున్నాడని ఇన్నాళ్ళూ నేను చెప్పింది అబద్ధం. మీ కొడుకు మీద కేసు ఉందండీ. ఈ బుధవారం బందరులో, పిల్లల కేసులు చూసే బోర్డు ముందు నిలబడాలి.

నాగేంద్రబాబు గారి రొయ్యల చెరువులో దిగాడు. చెరువులో రొయ్యలు పట్టేశాక అడుగున మిగిలినవి ఊళ్ళోవాళ్ళు ఏరుకోవడం మనకి కొత్తా? చిన్నప్పుడు మీరూ ఏరినవారే. కానీ ఆ రోజు సగమే పట్టారట, మిగతావి ఇంకా పెరగాలని ఉంచారట. కాపలా పోతురాజు వాణ్ణి బకెట్టుతో సహా స్టేషనుకి తీసుకెళ్ళాడు. నాగేంద్రబాబు గారి చెరువులో ఇంతకుముందే రెండుసార్లు దొంగలు పడ్డారు. ఈసారి ఎవరు బతిమాలినా వదలనన్నారు.

ప్రభుత్వం ఇచ్చిన లాయరు శాంతి గారు మంచావిడ. "పదహారేళ్ళ పిల్లాడు, జైలు ఉండదమ్మా. మందలించి పంపొచ్చు, కొన్నాళ్ళు ఏదైనా సేవ చేయమనొచ్చు. ఇంటి సంగతులు చూసి బోర్డుకి ఆఫీసరు ఇచ్చే రిపోర్టే ముఖ్యం" అన్నారు.

ఆ ఆఫీసరు మనింటికొచ్చి, "మీ మాట వింటాడా అమ్మా?" అని అడిగారు. నా నోరు పెగల్లేదు. 'తల్లి అదుపులో లేడు' అని రాసుకుని వెళ్ళిపోయారు. ఆ ముక్క చూసి వాణ్ణి పిల్లల హోముకి పంపినా పంపుతారేమోనని శాంతి గారి భయం.

వాణ్ణి పంపింది నేనండీ. రొయ్యలు ఎక్కించుకునే ఐసు లారీ వెళ్ళిపోవడం చూసి, బకెట్టు చేతికిచ్చి నేనే తరిమాను. వాడు గట్టు మీద నుంచి ఫోన్ చేశాడు కూడా. "అమ్మా, నీళ్ళు నడుం దాకా ఉన్నాయి. ఇంకా పట్టలేదేమో, వచ్చేయనా?"

"లారీ వెళ్ళిపోయాక ఇంకా పట్టకపోవడమేంట్రా? మిగతావాళ్ళు రాకముందే దిగు" అన్నాను. దిగాడు.

స్టేషన్లో ఎస్సై గారు "ఎవరు పంపార్రా?" అని గద్దించారు. వాడు నా వైపైనా చూడకుండా "ఎవరూ పంపలేదండీ, నేనే వెళ్ళాను" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మీ ఫోన్ ఎందుకు ఎత్తవురా అంటే, "నాన్న అడిగితే నాకు అబద్ధం రాదమ్మా" అన్నాడు.

శాంతి గారికి ఇదంతా చెప్పాను; బోర్డు ముందు నిజం చెబితే కేసు నా మీదికి తిరగొచ్చని ఆవిడ హెచ్చరించారు. మీకు ఫోన్లో చెబితే వద్దంటారు. మీరు వద్దంటే నేను ఆగిపోతాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని తెచ్చే అంకమ్మరావు బావగారు మీ దగ్గరికి చేరేది శుక్రవారం. బుధవారమే నేను బోర్డు ముందు చెప్పేసి ఉంటాను.

ఇట్లు,
ఉదయ్ వాళ్ళమ్మ,
ప్రేమమ్మ