ఇప్పచెట్టు కిందికి వచ్చిన సేటు

లచ్చయ్యా, నాయనా,

నువ్వు మమ్మల్ని విడిచిపోయాక ఇదే మొదటి ఇప్పపువ్వు కాలం. ఇవాళ నీకు నవ్వొచ్చే సంగతి జరిగింది, అందుకే రాస్తున్నాను.

కొంటా పట్నంలో చింతపండు గోదాము సేటు నీ భార్య జోగమ్మను పనిలో పెట్టుకున్నాడు. పని రానివాళ్లకు నేర్పి పెట్టుకుంటే సగం కూలీ సర్కారే ఇస్తుందట. మన ఊరి ఆడవాళ్లు చాలామంది చేరారు. నిన్న పువ్వు రాలడం మొదలైంది. ఇవాళ తెల్లారే అందరం ఏరడానికి పోయాం; ఒక్కరూ గోదాము పనికి పోలేదు, రామని సేటుకు చెప్పనూ లేదు. ఇక పని పోయినట్టేనని నాకు ఒకటే దడ.

పొద్దెక్కేసరికి సేటే బండేసుకుని చెట్టు కిందికి వచ్చాడు.

"ఏంది జోగమ్మా, గోదాముకు తాళమేసుకోవాల్నా?"

"పువ్వు మనకోసం ఆగుతదా సేటూ? వచ్చిండ్రు గదా, మీరు గూడ ఏరుండ్రి."

"అరే, మీరు రాకుంటే సర్కారు పైసలు నాకెట్లొస్తయి? పువ్వు అయిపోయేదాక మధ్యాహ్నం నుంచే రండి తల్లీ!"

అందరం పకపకా నవ్వాం. పువ్వు రోజుల్లో మధ్యాహ్నం నుంచి వస్తానని అడిగినందుకే కదా, ఈ సేటే నిన్ను పనిలోంచి తీసేశాడు!

పోయే ముందు నిజంగానే వంగి, గుప్పెడు పువ్వు ఏరి జోగమ్మ గంపలో వేశాడు. అది నీ గంపే నాయనా.

అమ్మ