కౌంటరు దగ్గర అడిగిన ధర

గాజువాక,
తేది 17-11-2005, గురువారం.

శ్రీయుత ముఖ్య పరిపాలనాధికారి వారి సముఖమునకు,
సాగరతీర క్రేన్ ఆపరేటర్ల శిక్షణ కేంద్రం,
విశాఖపట్నం.

అయ్యా,

విషయం: మన కేంద్రంలోని పన్నెండు కంప్యూటర్లకు కొన్న గ్రాఫిక్స్ కార్డులు చవకైనవని నేను ఇచ్చిన ధ్రువీకరణ తప్పని ఒప్పుకొనుట, సదరు కార్డులను సోమవారం 21వ తేదీ ఉదయం తొమ్మిది గంటల లోపు మార్పించుట గురించి.

సూచిక: (1) నా అర్జీ, తేది 24-10-2005. (2) నా అర్జీ, తేది 2-11-2005. (3) 9వ తేదీన మెట్ల మీద తమరితో నోటిమాటగా మనవి చేసుకున్నది. అప్పుడు తమ డ్రైవరు హారను కొడుతున్నందున తమరికి వినపడి ఉండదు.

దిగువ సంతకం చేసిన త్రినాథరావు, కంప్యూటర్ల నిర్వహణ సహాయకుడు (కాంట్రాక్టు), సవినయంగా మనవి చేసుకొనునది:

1. పోర్టులో ఏళ్ల తరబడి క్రేన్లు నడిపినవారికి మన కేంద్రంలో కంప్యూటరు మీద పరీక్ష పెడుతున్నాము. తెర మీద ఓడ, జెట్టీ, కొక్కేనికి వేలాడే పెట్టె కనబడతాయి. చేతిలో రెండు పిడులు ఉంటాయి. పెట్టెను ఓడ అంచుకు తగలకుండా దించాలి, తగిలితే ఎర్రలైటు. ఇదంతా తమరికి తెలిసినదే, ఈ ఫైలు తరువాత చూసేవారి కోసం రాస్తున్నాను. తెర మీది ఆ బొమ్మను గీసేది కంప్యూటరు లోపలి గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు ముప్పై బొమ్మలైనా గీస్తే కొక్కెం ఊగినట్టు ఊగుతుంది. మన కార్డులు ఓడ మొత్తం కనబడే చోట పద్నాలుగు గీస్తున్నాయి. అంటే కొక్కెం ఊగడం లేదు, గెంతుతోంది. సరిగ్గా పెట్టె దించే సమయంలోనే గెంతుతోంది.

2. గత జులైలో ఈ కార్డులు కొనేటప్పుడు ఏది చవకో తేల్చి రాసి ఇమ్మని నాకు పని అప్పగించారు. ఎదురుగా రెండు రకాలున్నాయి: ఎర్ర డబ్బాది, పచ్చ డబ్బాది. కంపెనీల పేర్లు రాయను, పరువునష్టం దావాకు నా జీతం చాలదు. ఒక కంప్యూటరు పత్రికలో రెండింటి పనితనానికీ వేసిన మార్కులు ఉన్నాయి. ఎర్రదానికి 1,950 పాయింట్లు, పచ్చదానికి 5,600. పక్కనే ధరలూ ఉన్నాయి గానీ డాలర్లలో. డాలరు ధరతో మనకేం పని, మన ఊరి ధర కావాలి కదా అని నేను తెలివిగా ఆ గడి కొట్టేశాను. ఫైలులో ఉన్న మూడు కొటేషన్లలో ఎర్రది 3,900 రూపాయలు, పచ్చది 11,800 రూపాయలు, నూరు యాభై అటూ ఇటూగా. పాయింట్లను రూపాయలతో భాగించాను. ఎర్రదానికి రూపాయికి అర పాయింటు వచ్చింది. పచ్చదానికి అంతకంటే కొంచెం తక్కువే వచ్చింది. "ఎర్ర డబ్బా కార్డే పెట్టిన డబ్బుకు తగిన విలువ గలది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. లెక్క ఇప్పటికీ సరైనదే. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది.

3. అయ్యా, తప్పు లెక్కలో లేదు, ధరలో ఉంది. ఆ మూడు కొటేషన్లు మూడు దుకాణాలవి కావు. డాబాగార్డెన్స్‌లోని ఒకే దుకాణదారు మూడు లెటర్‌హెడ్ల మీద రాసి, ఒకే కవరులో పెట్టి, స్వయంగా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మీకెందుకండీ ఎండలో తిరగడం, మూడూ నానే అట్టుకొచ్చీసాను కదా" అన్నాడు. నేను ఆయనకు టీ కూడా తెప్పించాను. ఇందులో నాకు ఆనాడు వింతేమీ కనబడలేదు. కుర్చీలు ఇలాగే కొన్నాము, ఫ్యాన్లు ఇలాగే కొన్నాము, నీళ్ల డ్రమ్ము కూడా ఇలాగే కొన్నాము. కుర్చీ అయితే ఎవరు రాసినా కుర్చీయే. కానీ ఆయన దగ్గర అమ్ముడుపోని ఎర్ర డబ్బాలు గుట్టగా ఉన్నాయి. పచ్చదాని ధర మూడు కాగితాల మీదా దాదాపు రెట్టింపు రాస్తే ఎర్రది దానంతటదే చవకైపోతుందని ఆయనకు తెలుసు. నాకు తెలియలేదు. తెలియలేదని రాయడం కూడా పూర్తిగా నిజం కాదు, తెలుసుకోవాలని అనుకోలేదు.

4. సంగతి బయటపడినది అక్టోబరులో. ఆటోనగర్‌లో యంత్రభాగాల డ్రాయింగులు వేసే జ్యోతిర్మయి గారి దుకాణానికి ప్రింటరు బాగుచేయడానికి వెళ్లాను. ఆమె కంప్యూటరులో పచ్చ డబ్బా కార్డు ఉంది. పన్నెండు వేలు పెట్టి కొన్నారా అండీ అని అడిగాను. ఆమె పనిచేస్తున్న చెయ్యి ఆపి నన్ను చూసింది.

"పన్నెండేటండీ బాబూ, ఆరువేల రెండొందలు. మొన్న దసరాకి కొన్నాను. ఎవరు సెప్పారు మీకు పన్నెండు?"

నేనే చెప్పుకున్నానని ఆమెతో అనలేదు. మర్నాడు సెలవు పెట్టి నాలుగు దుకాణాలు తిరిగాను. కేంద్రం పేరు చెప్పలేదు, ఇంటికి కొనుక్కునే మనిషిలా కౌంటరు దగ్గర నిలబడి "ఎంతకిస్తారు" అని అడిగాను, అంతే. పచ్చది ఒకచోట 6,400, మిగతా మూడుచోట్ల 6,200. జులైలో ఎంత ఉండేదని కూడా అడిగాను, అప్పుడూ ఏడువేలకు లోపే. ఎర్రది 3,400 అన్నారు, ఒకాయన నవ్వి, "అది పట్టుకెళ్తానంటే ఇంకా తగ్గిస్తాను" అన్నాడు. బస్టాపులో నిలబడి మళ్లీ భాగించాను. ఎర్రదానికి రూపాయికి అర పాయింటు పైన కొంచెం. పచ్చదానికి ముప్పాతికకు మించి, దాదాపు ఒక పాయింటు. నాలుగు బస్సులు వెళ్లిపోయాయి, ఎక్కలేదు. ఆ తరువాత జ్యోతిర్మయి గారిని బతిమాలి ఆమె కార్డును ఒక్క పూట అరువు తెచ్చి మన నాలుగో నంబరు కంప్యూటరులో పెట్టి చూశాను. పత్రిక వాళ్లు పాయింట్లు తుపాకీ ఆటలకు వేశారు, మనకు కావలసింది కొక్కెం కదా. అదే ఓడ, అదే పెట్టె. నలభై ఒక్క బొమ్మలు వచ్చాయి.

5. దీనివలన జరుగుతున్న నష్టం: అనుభవం గలవారు తప్పుతున్నారు, క్రేను ఎక్కనివారు పాసవుతున్నారు. కొత్తవాడు బొమ్మ కదిలేదాకా ఆగి అప్పుడు చెయ్యి కదుపుతాడు. పాతవాడి చెయ్యి బొమ్మ కోసం ఆగదు, ఊగు ఎటు వెళ్తుందో ముందే తెలుసు గనుక ముందే సర్దుతుంది. తెర మీద ఏమీ కదలకపోతే ఇంకొంచెం సర్దుతుంది. ఈలోపు రెండు సర్దుళ్లూ కలిసి ఒకేసారి కనబడి పెట్టె వెళ్లి ఓడ అంచుకు కొడుతుంది. ఇప్పటివరకు కూర్చున్న పాతవారు పన్నెండుమందీ రెండేసి సార్లు తప్పారు. సోమవారం తొమ్మిదింటికి జరిగే మూడోది ఆఖరుది. అదీ తప్పితే క్రేను దిగి కింద పెట్టెలకు తాళ్లు కట్టే పనిలో చేరాలని వారి కంపెనీ నిబంధన.

6. ఆ పన్నెండుమందిలో సూరన్న అనే ఆపరేటరు ఒకడు, వయస్సు 46. పందొమ్మిదేళ్లుగా క్రేను మీద ఉన్నాడు, ఆరుగురికి పని నేర్పాడు, ఒక్క ప్రమాదం లేదు. రెండోసారి తప్పిన రోజు ఆయన పిడులు వదలకుండా అలాగే కూర్చుని నాతో ఇలా అన్నాడు:

"ఇదేటి బావా, నాను సెయ్యి ఇలాగ తిప్పితే అది ఇందాకటిది సూపిత్తంది. ఇప్పుడుది ఎప్పుడు సూపిత్తాది? నాకు సేతనవదని రాసీసేరు. నాకు సేతనవదేటి?"

సదరు సూరన్న మా అక్క చిలకమ్మ భర్త, నాకు సొంత బావ అవుతాడు. ఈ సంగతి నా మొదటి రెండు అర్జీలలో రాయలేదు, రాస్తే బావ కోసం ఆడుతున్న నాటకమంటారని భయపడ్డాను. ఇప్పుడు రాస్తున్నాను. బావ కోసమే రాస్తున్నాను. ఆయన ఇంట్లో అన్నం సరిగా తినడం లేదు. కంచం ముందు కూర్చుని రెండు చేతులూ పిడుల మీద ఉన్నట్టు కదుపుతున్నాడని మా అక్క చెప్పింది. ఆ కార్డుల కాగితం మీద నేను సంతకం పెట్టానని ఆయనకు ఇంకా తెలియదు.

7. ఈ విషయమై కార్యాలయం వారు ఇప్పటివరకు తీసుకున్న చర్యలు: (అ) ఆపరేటర్లందరికీ కంటి పరీక్ష చేయించారు. మా బావకు చత్వారం కూడా లేదని తేలింది. (ఆ) నా మొదటి అర్జీ మీద తమరు "తక్కువ ధర కార్డే కొన్నాము గదా, ఇంకేమి?" అని స్వదస్తూరితో రాశారు. తక్కువ ధరకు కొన్నామన్న మాట నిజం. చవకగా కొన్నామన్నది నిజం కాదు. ఆ మాట రాసింది నేనే గనుక తమరిని అనడానికి నాకు నోరు లేదు. (ఇ) కొనుగోళ్ల గుమాస్తా సత్యం గారు పాత కార్డులు పనికిరానివని రాసిస్తేనే కొత్తవి కొనగలమన్నారు. ఫారం తెచ్చారు. "పనిచేస్తోందా, లేదా?" అని అడిగారు. పనిచేస్తోంది గానీ అన్నాను. "గానీ రాయడానికి ఇందులో గడి లేదండి త్రినాథరావు గారూ" అని ఫారం మడిచి లోపల పెట్టేశారు. ఆయన మంచివారే, ఆ ఫారం ఆయన తయారుచేసింది కాదు.

8. కావున ప్రార్థించునది:

(అ) పన్నెండు పచ్చ డబ్బా కార్డులను శుక్ర, శనివారాల్లో కౌంటరు ధరకు కొనుటకు అనుమతించాలి. బిగించడానికి నాకు ఒక్క పూట చాలు.

(ఆ) అది కుదరనిచో పరీక్షను వాయిదా వేయాలి.

(ఇ) ఇకమీదట ఏ కార్డు విలువనైనా తెచ్చి ఇచ్చిన కాగితం మీది ధరతో కట్టరాదు. కేంద్రం మనిషి ఒకరు ఒకరికొకరు తెలియని రెండు దుకాణాలకు వెళ్లి, మామూలు కొనుగోలుదారులా అడిగి, చెప్పిన ధరను తేదీతో సహా రాసుకురావాలి. ఈ సరుకు ధర నెలనెలా పడిపోతుంది, పాత ధరతో వేసిన లెక్క కొత్త నెలకు చెల్లదు. పనితనం కూడా పత్రికలో చూడక మన క్రేను మీదే చూడాలి.

(ఈ) నా మీద తీసుకోదలచిన చర్య పరీక్ష అయిన తరువాత తీసుకోవాలి. నా కాంట్రాక్టు డిసెంబరుతో ముగుస్తుంది. పొడిగించకపోయినా అడగను.

ఈ కాగితాన్ని తమరు సావకాశంగా కాక, చేతికి అందిన గంటలోనే చిత్తగించవలెను.

తమ విధేయుడు, డిసెంబరు 31 వరకు,
పి. త్రినాథరావు

తా.క.: ఆదివారం, 20వ తేదీ.

అయ్యా, శుక్రవారం ఈ అర్జీ ఇవ్వబోతే తమరు రుషికొండలో రెండు రోజుల సదస్సులో ఉన్నారని, తమ సంతకం లేనిదే పరీక్ష ఆగదని, కొనుగోలూ జరగదని సత్యం గారు చెప్పారు. అందుచేత దీన్ని తమ ఇంటి గేటు దగ్గర కాపలా మనిషికి ఇస్తున్నాను. ఇంకొక తప్పు కూడా చేశాను, అదీ రాసేస్తాను.

నిన్న నా సొంత డబ్బుతో ఒక్క పచ్చ డబ్బా కార్డు కొని, ఎవరి అనుమతీ లేకుండా నాలుగో నంబరు కంప్యూటరులో పెట్టేశాను. నాలుగు మా బావ సీటు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, భయపడకు బావా, ఎల్లుండి నీ బొమ్మ గెంతదు అని చెప్పాను. ఎందుకు గెంతదని అడిగాడు. అన్నీ చెప్పాను. కొటేషన్లు, టీ, సంతకం, ఏదీ దాచలేదు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"మరి మిగతా పదకొండు మందీ?" అన్నాడు.

వాళ్లకు కొనే డబ్బు నా దగ్గర లేదన్నాను.

"నాను అడిగింది డబ్బు గురించి కాదురా. ఆళ్లు నీకు బావలు కారేటి? ఆళ్లంతా గెంతుతున్న బొమ్మ మీద సెయ్యాల, నానొక్కణ్ణీ సక్కంది మీద సెయ్యాలా? అలాగ పాసయి పైకెక్కితే, కిందన తాళ్లు కట్టుకుంతన్నోళ్ల మొకం నానేలాగ సూత్తాను?"

మా అక్క ఏడ్చింది. నేనూ బతిమాలాను. ఆయన చొక్కా వేసుకుని వెళ్లి, యాభై రెండేళ్ల ఎల్లారావు అనే ఆపరేటరుతో సీటు మార్చుకుంటున్నట్టు కాగితం రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, సత్యం గారింట్లో ఇచ్చి వచ్చాడు. సీటు మార్చుకోవడానికి మాత్రం తమ సంతకం అక్కర్లేదట. రేపు ఎల్లారావు నాలుగులో కూర్చుంటాడు. మా బావ ఏడులో కూర్చుంటాడు. ఏడులో పద్నాలుగు బొమ్మలే వస్తాయి.

అయ్యా, కార్డులు కొననక్కరలేదు, ఇక టైము లేదు. పరీక్ష ఆపలేకపోతే ఆపవద్దు. రేపు తొమ్మిదింటికి ఒక్క పది నిమిషాలు వచ్చి ఏడో నంబరు కుర్చీ వెనక నిలబడండి. తెర చూడవద్దు. ఆయన చేతులు చూడండి.

త్రినాథరావు