కాపున్న సాలు

అమ్మా,

సోమవారం నుంచి మన చెల్లి సువార్తకు తొమ్మిదో తరగతి. కష్టమైన కాంపోజిట్ లెక్కలు తీసుకోవాలో, తేలికైన జనరల్ లెక్కలు తీసుకోవాలో తేల్చాలి. నువ్వు పోయాక ఇలాంటివి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను.

కాంపోజిట్ ఇమ్మని బడికెళ్లి అడిగితే హెడ్మాస్టరు గారు తలైనా ఎత్తలేదు. "ఆడపిల్లకి కాంపోజిట్ ఎందుకమ్మా? మిరపకోతలొస్తే మానేసేదేగా! నీకు జనరల్ ఇచ్చాం, హాయిగా పాసవలా?" అన్నారు. పాసయ్యాను. జనరల్ చదివితే ఇంటర్లో ఎంపీసీ ఇవ్వరని ఆ మహానుభావుడు అప్పుడు చెప్పలేదు. తొమ్మిదిలో రెండుసార్లు తప్పిన ఆయన సుపుత్రుడు మాత్రం ఈసారీ కాంపోజిటే. వాడికెందుకని అడిగినవాళ్లు లేరు.

"పెద్దాయనతో మనకెందుకే" అంటున్నాడు నాన్న.

కోతల్లో మేస్త్రి నీకు కాపులేని సాలు చూపిస్తే, నువ్వు నేరుగా వెళ్లి కాపున్న సాల్లో నిలబడేదానివి. "వాడు చూపించేదేంటే, నాకు కళ్లు లేవా?" అనేదానివి.

సువార్తనీ అలాగే నేరుగా వెళ్లి కాంపోజిట్ సెక్షన్లో కూర్చోమన్నాను.

"లేపితే?" అంది.

"గుమ్మంలో నేనుంటాగా" అన్నాను.

వద్దనిపిస్తే, సోమవారం బడిగంట కొట్టేలోగా జవాబు రాయి.

నీ పెద్ద కూతురు