డిస్కులో మీ గొంతు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ మన పిడుగూ కులాసాగానే ఉన్నాం. అక్కడ మీరూ, వదినగారూ, అన్నయ్యగారూ క్షేమమేనని, వదినగారి వంటతో మీ బుగ్గలు మళ్ళీ కాస్త పూడుకున్నాయని తలుస్తాను. గొంతు ఆపరేషను కుట్ల దగ్గర దురద తగ్గిందని రాశారు, చదివాక మనసు కుదుటపడింది. ఫోనులో పొట్టి పొట్టి మెసేజీలు పెట్టడం మీకు నచ్చదు. రెండు ముక్కల్లో మాట్లాడటం మీకు ఏనాడూ రాలేదు కనుక ఈ ఉత్తరాల పద్ధతే మనకి బాగుంది. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళ కాపురంలో నేను చెప్పేది మీరు అడ్డు రాకుండా చివరిదాకా వినడం ఇదే మొదలు.

ముందు మీ ప్రశ్నలకి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇంకా కారుతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు మర్యాదగా కారుతోంది. పిడుగు లెక్కల పరీక్ష బాగా రాసిందట. బాగా అంటే ఎంత బాగా అని అడిగితే, "నాన్న వచ్చి అడిగితే చెప్తా" అంటోంది. మీ మెడ దగ్గర రంధ్రం చూసి అది జడుసుకుంటుందేమోనని రాశారు. అది ఎప్పుడో ఫోనులో ఆ ఆపరేషను బొమ్మలన్నీ వెతికి చూసింది, గాలి ఎటు పోతుందో ఎటు వస్తుందో నాకే పాఠం చెప్పింది. స్టేషను మాస్టరుగారు మా కళ్ళజోళ్ళ షాపుకి వచ్చారు. రైళ్ళ రాకపోకలు చెప్పే మైకు దగ్గర కాకపోయినా, వేళలు చూసే గదిలో మీకు కుర్చీ ఉంచామని, మీరు లేక అక్కడంతా గందరగోళంగా ఉందని అన్నారు. మర్యాదకి అన్న మాట కాదు, నేను ఆయన మొహం చూశాను.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. మీ గొంతు రికార్డు చేసిన హార్డ్ డిస్కుని, ఇకమీద మీ బదులు మీ గొంతుతో మాట్లాడే ఆ యంత్రం తయారుచేసేవాళ్ళకి పంపించావా అని రెండు ఉత్తరాల నుంచీ అడుగుతున్నారు. రెండుసార్లూ కుళాయి గురించి రాసి తప్పించుకున్నాను. ఈసారి చెప్పేస్తాను. డిస్కు కింద పడింది.

లేవకండి, కూర్చోండి. చివరిదాకా చదవండి.

ఆపరేషనుకి ముందు మీరు తలుపేసుకుని, యంత్రం వాళ్ళు ఇచ్చిన వాక్యాలన్నీ వారాల తరబడి చదివారు కదా. ఆ రోజుల్లోనే పిడుగు మీకు చెప్పకుండా ఇంట్లో మీ మాటలు కూడా పట్టి అదే డిస్కులో దాచింది. మీ నవ్వు, ఫోనులో వదినగారితో పోట్లాట, కనపడని చెప్పుల కోసం నామీద కేకలు, అన్నీ ఉన్నాయి. అందులో ఒకటి, మీరు స్టేషను మైకు ముందు మాట్లాడే గొంతుతో మమ్మల్ని పిలవడం. "ప్రయాణికులకు గమనిక. రాత్రి భోజనము మరికొద్ది సేపట్లో బల్ల మీదికి వచ్చుచున్నది. చేతులు కడుగుకొనవలసినదిగా కోరుచున్నాము." మీరు వెళ్ళినప్పటి నుంచీ టీవీకి డిస్కు తగిలించి ఇది పెడితేగానీ పిడుగు పుస్తకం మూయదు. నేను పిలిస్తే దానికి వినపడదు. ఆ రోజు అదే మోగుతోంది. గిన్నె పట్టుకుని వస్తుంటే వైరు నా కాలికి తగిలి, డిస్కు బల్ల మీంచి గచ్చు మీద పడింది. "కడుగుకొన" అన్న దగ్గర మీ గొంతు ఆగిపోయింది.

పిడుగు తీసి మళ్ళీ తగిలించింది. మోగింది. ఇద్దరికీ పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక మా తెలివి చూడండి. నిజంగా బాగుందో లేదో తేల్చుకుందామని ఒక్కొక్కటే పెట్టుకుని వింటూ కూర్చున్నాం. మీరు నవ్వితే చాలు, డిస్కు బాగున్నట్టే అనుకున్నాం. మర్నాడూ అదే పని. ఆ తర్వాత ఒక చోట టక్కు టక్కుమని చప్పుడు చేసి అది మొండికేసింది. అప్పుడు పరిగెత్తాం కంప్యూటర్ల రిపేరు షాపుకి.

ఆ షాపావిడ డిస్కుని తగిలించకుండా బల్ల మీద పెట్టి, ఎప్పుడు పడింది, ఎలా పడింది అని అడిగింది. చెప్పాను.

"పడ్డాక ఏం చేశారు?"

"విన్నామండీ."

"ఎంతసేపు?"

పిడుగు నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"బాగుంది. కాలు విరిగిందేమో చూద్దామని మనిషిని పరిగెత్తించారన్నమాట" అంది ఆవిడ. "ముందు కాపీ తీసుకోవాలి, తర్వాతే పరీక్షలు. అదీ తిరుగుతుండగా పడింది, లోపల ఎక్కడ గీరుకుందో ఏమో. ఇంకో కాపీ ఉందా?"

లేదన్నాను. ఆవిడ నిట్టూర్చి, డిస్కు తగిలించి చూసి చెప్పింది. "ఇందులో రెండు ఫోల్డర్లున్నాయి. ఒకటి వాక్యాలు, ఒకటి ఇంటి మాటలు. ఇదెంతసేపు సహకరిస్తుందో నేను చెప్పలేను. లేకపోతే గడవదనుకునేది ఏదో చెప్పండి, అది ముందు తీస్తాను."

"వాక్యాలు" అంది పిడుగు. అదే క్షణాన నేను "ఇంటి మాటలు" అన్నాను.

"అమ్మా! ఆ వాక్యాలుంటేనే కదా నాన్న మళ్ళీ మాట్లాడేది? పాతవి వింటూ కూర్చుంటే ఏమొస్తుంది?"

అది అన్నదే సబబు. నాకు తెలుసు. అయినా షాపావిడ నా జవాబు కోసమే చూస్తుంటే, "ఇంటి మాటలే ముందు" అన్నాను.

ఇంటి మాటలు అన్నీ వచ్చాయి. వాక్యాల దగ్గరికి వచ్చేసరికి డిస్కు ఆయాసపడింది, కొన్ని రానేలేదు. ఇంటికొచ్చే దారంతా పిడుగు నన్ను వెనక వదిలేసి నడిచింది. మర్నాడు అదే యంత్రం వాళ్ళకి ఫోను చేసి కనుక్కుంది. పోయినవి పోగా మిగిలినవి చాలట, గొంతు తయారవుతుందట. కాబట్టి ఆ భయం మీకు అక్కర్లేదు.

కాపీ అసలుకి సరిపోయిందో లేదో కంప్యూటరు చేత పోల్చి చూపించాకే షాపావిడ డిస్కు సంగతి పట్టించుకుంది. తన లోపల పాడైన చోట్ల లెక్క డిస్కు తనే ఉంచుకుంటుందట. ఆ లెక్క చూసి, డిస్కు మొత్తాన్ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చదివించి, "కొన్నాళ్ళాగి మళ్ళీ తీసుకురండి. లెక్క ఇంతే ఉంటే కాస్త నమ్మొచ్చు, పెరిగితే నమ్మడానికి లేదు" అంది. మళ్ళీ తీసుకెళ్ళాను. పెరిగింది.

"మోగుతోంది కదండీ" అన్నాను ఆశ చావక.

"మోగడం వేరు, నమ్ముకోవడం వేరు. దీన్ని దాచుకోండి, కానీ ఏదీ దీని ఒక్కదాని మీదే ఉంచకండి."

మా షాపులోనూ అంతే. కింద పడ్డ కళ్ళద్దాన్ని దీపం ముందు ఏటవాలుగా తిప్పితేగానీ లోపలి పగులు కనపడదు. కనపడకపోయినా దాన్ని మేం మళ్ళీ అమ్మం. ఆవిడ మాట్లాడుతుంటే నాకు మీ డాక్టరుగారే గుర్తొచ్చారు. ఇప్పటికేమీ లేదు, అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉందాం అన్నారుగా ఆయన కూడా. మొన్నటి పరీక్షలో కొత్తగా ఏమీ కనపడలేదని మీరు రాసిన ముక్కని నేనెన్నిసార్లు చదివానో చెప్పలేను. షాపావిడ లెక్క ప్రకారం మిమ్మల్ని నమ్మొచ్చు.

ఇక అసలు సంగతి. కాపీలు రెండు తీయించాను. ఒకటి మా షాపులో భద్రంగా ఉంది. రెండోది యంత్రం వాళ్ళ కోసం. దాన్ని నేను పంపలేదు. పంపేశానని పిడుగుతో అబద్ధం చెప్పాను.

పొట్లం కట్టి, చిరునామా రాసి, కొరియరు ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. మీ ఉత్తరం ఆ రోజే వచ్చింది, సంచిలోనే ఉంది. అక్కడే నిలబడి చదివాను. "ఆ యంత్రం నా గొంతుతో మాట్లాడేదాకా నేను రాను. మన గుమ్మంలో నిలబడి మూగసైగలు చేయలేను" అని రాశారు. గొంతు తయారవడానికి నెలలు పడుతుందట. సరిగ్గా కుదరకపోతే మళ్ళీ మొదటికొస్తుందట. అన్నాళ్ళూ మీరక్కడ, మేమిక్కడ. పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

రిపేరు షాపులో ఇంటి మాటలే ముందు అని ఎందుకన్నానో ఆ మెట్ల మీద తెలిసింది. మీరిక రారేమో, మాకు అవే మిగులుతాయేమో అని భయం వేసిందండీ. ఆ భయంతో నేను మీ నవ్వుని దాచుకుని, మీకు రేపు కావలసిన మాటల్ని పోగొట్టాను. ఇంత భయపడుతూ బతకడం నాకు చేతకాదు. సైగలు చేస్తే మీ పరువేమీ పోదు. పిడుగుకీ నాకూ మీ కనుబొమ్మలు చాలు.

మీకు కోపం వచ్చి ఉంటుంది. రావలసిందే. మీ హక్కుని నేను పట్టుకు కూర్చున్నాను. పిడుగుకి ఒక్క ముక్క రాస్తే అది నిమిషంలో పొట్లం పంపించేస్తుందని కూడా నాకు తెలుసు. అలా చేస్తే నేను అడ్డుపడను. కానీ రాయకండి. ఆ కోపాన్ని కాగితం మీద పెట్టకుండా అలాగే పట్టుకుని రైలెక్కండి. వచ్చి గుమ్మంలో నిలబడి, చేతులు ఊపి, కళ్ళెర్రజేసి, మీ ఇష్టం వచ్చినంతసేపు నన్ను తిట్టండి. అంతా అయ్యాక పొట్లం మీ చేతికిస్తాను, ఇద్దరం కలిసి వెళ్ళి పంపిద్దాం.

ఇట్లు,
మీ గొంతుని బీరువాలో దాచి, మీకోసం చూస్తున్న
మీ ఆవిడ