పుట్టింటి బైబిల్లో లేని పఠనం

తెనాలి,
సెప్టెంబరు 3

ప్రియమైన అమ్మకి,

పదమూడో తేదీ ఆదివారం నువ్వు చర్చిలో చదవాల్సిన మొదటి పఠనం లావు అక్షరాలతో రాసి ఇందులో పెట్టాను. నీ కంటి ఆపరేషన్ అయ్యేదాకా ఇలాగే పంపుతాను. ఈసారిది సీరా పుత్రుని గ్రంథంలోది. తోటివాడి తప్పు మన్నించనివాడు తన తప్పుకి దేవుణ్ణి మన్నింపు ఎలా అడుగుతాడని ఉంది. ముందు ఇంట్లో ఒకసారి పైకి చదువుకో.

ఇక్కడ అందరం బాగున్నాం. రాహేలు పెద్దమ్మతో మాటలు కలిశాయా?

నీ కూతురు
కరుణ

రేపల్లె,
సెప్టెంబరు 7

కరుణకి అమ్మ రాసేది,

కవరు అందింది. బాపట్లలో మా నాన్న ఇచ్చిన బైబిలు తీసి, పక్కింటి దీవెన చేత గ్రంథాల పేర్లన్నీ చదివించాను. నువ్వు రాసింది అందులో లేదు. "ఈ సీరా ఎవరత్తా, మీ చుట్టాలా?" అని నవ్వింది.

నన్ను నా తోడికోడలితో మాట్లాడించడానికి ఇదంతా నువ్వే కల్పించి రాశావని అర్థమైంది. బుద్ధి చెప్పదలిస్తే నీ మాటగా చెప్పు. దేవుడి మాట అని చెప్పి నా చేత చర్చిలో చదివించొద్దు. మీ నాన్న శవం ఇంకా ఇంట్లో ఉండగానే, ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకెళ్లి నేనే చంపుకున్నానని రాహేలక్క అంది. ఊరంతా విన్నది. నువ్వూ విన్నావు.

ఆదివారం నేను చదవను. ఫాదర్‌గారికి చెప్పేస్తాను.

అమ్మ

తెనాలి,
సెప్టెంబరు 9

ప్రియమైన అమ్మకి,

ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రేపల్లె వస్తున్న మా పక్కింటి వెంకట్‌తో ఇది పంపుతున్నాను.

అది నేను కల్పించింది కాదు. తాతయ్య వాళ్లది బాప్టిస్టు బైబిలు. ఆ గ్రంథం అందులో ఉండదు, మన కతోలిక బైబిల్లో ఉంటుంది. పెళ్లయి ఇన్నేళ్లయినా నువ్వు పుట్టింటి పుస్తకమే చదువుతున్నావని నాకు తెలియదు. ఫాదర్‌గారిని అడుగు, చూపిస్తారు.

మన్నింపు గురించిన వాక్యాన్ని మాత్రం మిగతావాటికన్నా లావుగా రాశాను. అది నా పనే. పెద్దమ్మ అన్నది మర్చిపొమ్మని నేను చెప్పను. చదవడం మాత్రం మానొద్దు. నాన్న పోయాక నువ్వు నలుగురిలోకి వస్తున్నది ఆ ఒక్క పనికే.

కరుణ

రేపల్లె,
సెప్టెంబరు 14

కరుణమ్మకి,

నువ్వు రాసింది నిజమే. ఫాదర్‌గారు పుస్తకం తీసి చూపించారు. అయినా ఇంకెవరినైనా చూసుకోండి అన్నాను. "కోపం లేనివాళ్లే చదవాలంటే నేనూ పీఠం దిగాలమ్మా" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. లోపల ఒకటి పెట్టుకుని నోటితో ఇంకోటి చదివితే అది ఆరాధన కాదు.

అందుకని ఆదివారం చర్చిలో పూజకి ముందు రాహేలక్క ఇంటికి వెళ్లాను. "ఇవాళ ఇది చదవాలి. నీతో మాట్లాడకుండా చదవలేను. అందుకొచ్చాను" అన్నాను.

"అయితే నా కోసం రాలేదన్నమాట."

"లేదు."

"ఏంటది? చదువు, వింటాను."

నిలబడే మొత్తం చదివాను. మంచం మీద కాళ్లు చాపుకుని వింది. అయ్యాక, "ఆ రోజు ఎవరినో ఒకరిని అనాలనిపించింది మార్తా. నువ్వు దగ్గర్లో ఉన్నావు. అనకుండా ఉండాల్సింది" అంది.

నేను సరే అనలేదు. కోపం పోలేదని చెప్పాను.

"పోకపోతే పోనీ. మోకాళ్లు పట్టేసి నెల నుంచీ పూజకి రాలేకపోతున్నాను. తిట్టుకుంటూ అయినా తీసుకెళ్లు" అంది.

చెయ్యి పట్టుకుని బయల్దేరదీశాను. నాలుగడుగులకోసారి ఆగింది. ఆగినచోటల్లా నేనూ ఆగాను. మేము చేరేసరికి మొదటి పఠనం అయిపోయింది. ఫాదర్‌గారే చదువుకున్నారట. వెనక బల్ల మీద కూర్చున్నాం.

పూజయ్యాక ఆయన మమ్మల్ని బయట నిలబెట్టి, "ఏంటమ్మా, చివరికి చదవకుండానే తప్పించుకున్నారు" అన్నారు.

నేను చెప్పేలోపే రాహేలక్క, "మా ఇంట్లో చదివిందండి" అంది.

ఉంటాను,
అమ్మ