ఇప్పచెట్టు కింద కాదు

సుజాత వాళ్ల నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఈ రోజే మన చేనుకు డీజిల్ పోసే బండి వచ్చింది.

"వాగు పొంగితే బంకుకు ఎట్ల పోతవ్ వదినా? చేను కౌలుకియ్యి" అని నీ తమ్ముడు వెంకన్న ఒకటే పోరు. అందుకే ట్రాక్టరుకు, నీళ్ల ఇంజనుకు వానాకాలమంతా ఎంత డీజిల్ పడుతుందో లెక్క వేసుకుని, వానలకు ముందే దాన్ని నింపిపెట్టుకునే ట్యాంకు తెప్పించాను.

దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర మళ్లీ లొల్లి.

"ఇప్పచెట్టు నీడ ఉండంగ ఎండల దిమ్మె ఏంది? అన్న ఉంటే ఆడనే పెడుతుండె" అన్నాడు.

"అవ్, పెడుతుండె. ఇప్పపువ్వు ఏరేముందు చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టేది కూడా మీ అన్ననే" అన్నాను.

బావికి దూరంగా, బండి తిరిగే జాగాలో దిమ్మె కట్టించి, పైన రేకులు వేయించాను.

డ్రైవర్ గొట్టం పట్టుకుని, "సారును పిలువమ్మా, కొలత చూసుకోవాలె" అన్నాడు.

"సారు లేడు. నేనే చూస్త."

నింపకముందు ఒకసారి, నింపాక ఒకసారి ట్యాంకులోకి కొలకర్ర దించి, తడి ఎంతవరకు వచ్చిందో చూశాను. ఆ తర్వాతే బండిని కదలనిచ్చాను.

వచ్చే ఎండాకాలం ఆ చెట్టు కింద ఆకులు నేనే కాలుస్తాను, పువ్వు నేనే ఏరుతాను. చేను మాత్రం ఎవరికీ ఇయ్యను.